అలెప్పీ ఇనప స్తంభాలకి పొద్దున్నే వెళ్లండి

కేరళలోని అలెప్పీ బీచ్‌లో 1862లో కట్టిన సముద్రపు వంతెన ఉంది. మలయాళీలు కడల్‌పాలం అంటారు. ఓడల సరుకు దింపుకోడానికి కట్టారు. పైన నడిచే పలకలు పోయి, ఇసకలోంచి నీళ్లలోకి వరసగా సాగే తుప్పు స్తంభాలే మిగిలాయి. కెమెరా వాళ్లంతా అక్కడికి సాయంత్రం పూటే చేరతారు. పడమటి తీరం కాబట్టి సూర్యుడు స్తంభాల వెనకే దిగుతాడు. రంగుల ఫోటోకి బాగుంటుంది, నలుపు తెలుపుకే చిక్కు.

తుప్పుది నారింజ రంగు. సాయంత్రం ఆకాశానిదీ అదే. ఫోటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో నలుపు తెలుపుకి మార్చి ఆరెంజ్ స్లైడర్ (ఆ రంగున్న చోట వెలుగుని పెంచి తగ్గించే మీట) పెంచితే ఇనుము మీది పెచ్చులు తేలతాయి, కానీ వాటితోపాటే ఆకాశమూ తెల్లగా పేలిపోతుంది. తగ్గిస్తే రెండూ కలిసి చీకటైపోతాయి. పొద్దునైతే ఆకాశం నీలం, తుప్పు నారింజ. దేని స్లైడర్ దానిదే. ఆరెంజ్ ఓ 20 పెంచి, బ్లూ ఓ 30 తగ్గిస్తే చాలు. బ్లూని ఇంకా కిందికి లాగితే ఆకాశంలో గరుకు లేస్తుంది, స్తంభాల అంచుల వెంట తెల్లటి గీత పుడుతుంది. ఆ గీత చిన్న తెర మీద కనబడదు, ప్రింటు తీస్తే పట్టేస్తుంది.

పొద్దున వెలుగు ఊరివైపు నుంచి వస్తుంది. సరిగ్గా వరస మధ్యలో నిలబడితే మీ నీడా, ట్రైపాడ్ నీడా ఫ్రేములో పడతాయి. నాలుగడుగులు పక్కకి జరిగితే నీడ తప్పుతుంది, వెలుగు ఏటవాలుగా పడి పెచ్చులు లేచి కనిపిస్తాయి. అయితే మరీ జరిగితే స్తంభాలు ఒకదాని మీద ఒకటి పడి నల్లటి గోడలా తయారవుతాయి. ప్రతి రెండింటి మధ్యా కాస్త నీళ్లు కనబడే చోట ఆగండి.

ఇక లాంగ్ ఎక్స్‌పోజర్. నాలుగు నిమిషాల షట్టర్‌తో సముద్రాన్ని పాలమీగడ చేసేయడం ఇప్పుడో అలవాటైపోయింది. స్తంభం కాళ్ల చుట్టూ తిరిగే నురగే ఇక్కడ అసలు బొమ్మ, దాన్ని తుడిచేసుకుంటే ఇంకేం మిగులుతుంది? అర సెకను చాలు. ఎఫ్11 (లెన్సు రంధ్రం), ఐఎస్‌ఓ 100 (వెలుగుకి సెన్సర్ స్పందన) దగ్గర కెమెరా మీటరు 1/125 సెకను చూపిస్తే, ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్‌తో (లెన్సు ముందు బిగించే నల్ల గాజు, ఒక్కో స్టాపుకీ వెలుగు సగమవుతుంది) అర సెకను వస్తుంది. పది స్టాపులదైతే ఎనిమిది సెకన్లు, నురగ పొగైపోతుంది. అల పైకొచ్చేటప్పుడు కాదు, ఒడ్డున ఆగి వెనక్కి మళ్లే క్షణంలో నొక్కండి. అప్పుడే నురగ చారలు స్తంభాల మొదళ్లవైపు లాగుతాయి. వెలుగు ఎక్కువైందని ఎఫ్16 దాటించొద్దు, పెచ్చుల పదును పోతుంది. ఫోకస్ ముందే చేసి, మాన్యువల్‌కి మార్చి, ఆ తర్వాతే ఫిల్టర్ బిగించండి. చవక ఎన్‌డీలు రంగు మారుస్తాయని భయం అక్కర్లేదు, మనకి ఎలాగూ రంగు వద్దు. రా ఫైల్ (కెమెరా దిద్దకుండా దాచే ఫైలు) మాత్రం తప్పనిసరి.

తడి ఇసకలో ట్రైపాడ్ ఊరికే నిలబడదు. వెనక్కి పోయే నీరు కాళ్ల కింది ఇసకని తవ్వేస్తుంది, షట్టర్ తెరిచి ఉండగానే కెమెరా ఓ మిల్లీమీటరు కుంగుతుంది, అంతే, స్తంభాలకి రెండేసి అంచులు. కాళ్లని జానెడు లోతుకి దింపి, ఒక అల పోనిచ్చి, మళ్లీ నొక్కి, అప్పుడు ఫ్రేము సరిచేసుకోండి. మధ్య గొట్టం పైకి లేపొద్దు. స్తంభాల మొదళ్ల దగ్గర నీరు గోతులు చేస్తుంది, పైకి తెలియదు, అటు నడవకండి.

ఫిల్ములో తీసేవాళ్లకి ఒక్క మాట. షట్టర్ పొడుగయ్యేకొద్దీ ఫిల్ము వెలుగుని తక్కువగా పట్టుకుంటుంది, కానీ అర సెకనుకి పెద్దగా సవరణ అక్కర్లేదు. పొడుగు షట్టర్ కావాలంటే మాత్రం ట్రై-ఎక్స్ ఫిల్ముకి మీటరు 10 సెకన్లంటే 50 ఇవ్వాలి. ఆక్రోస్ ఫిల్ము అయితే రెండు నిమిషాల దాకా మీటరు చెప్పిందే.

మన తూర్పు తీరంలో ఈ లెక్క తిరగబడుతుంది. పాండిచ్చేరి పాత వంతెన మొండి స్తంభాల మీద ఊరివైపు నుంచి వెలుగు పడేది మధ్యాహ్నం దాటాకే.

తిరిగొచ్చాక లెన్సుని వెంటనే గుడ్డతో తుడవకండి, ఉప్పు గీస్తుంది. ముందు బ్లోయర్‌తో ఊది, మంచినీళ్లతో తడిపి పిండిన మెత్తటి గుడ్డ, ఆ తర్వాత పొడి గుడ్డ. ట్రైపాడ్ కాళ్లు మడవకముందే మంచినీళ్ల కింద కడగండి. ఇసకతోనే మడిస్తే కీళ్లలో కరకరలాడుతూనే ఉంటుంది.