రాచకొండ గుట్టలు: రెండో గుట్టకు దారి ఈసారీ దొరకలేదు

రెండు గుట్టల మధ్య ఉన్న పల్లపు కనుమ దగ్గరే మా నడక మళ్ళీ ఆగింది! కోట గుట్ట ఎక్కి, ఊళ్ళోకి దిగకుండా పై నుంచే ఉత్తరం వైపున్న రెండో గుట్టకు దాటి, దాన్ని చుట్టి చీకటి పడకముందే రాచకొండ ఊరికి చేరాలని ఎన్నాళ్ళ నుంచో పట్టుదల. ఈ కార్తీకంలో అన్నీ కుదిరాయి. ఎండ లేదు, వాన లేదు, మా బావమరిది కూడా మంచి ఊపు మీదున్నాడు. అయినా మధ్యలో ఉన్న ఆ నాలుగు వందల మీటర్లు దాటలేకపోయాం. ఇంటికొచ్చినప్పటి నుంచి ట్రాక్, అంటే ఫోను జీపీఎస్‌తో గీసుకున్న మా దారి, ముందేసుకుని చూస్తూనే ఉన్నా, ఒళ్ళు మండిపోతోంది.

కోట వరకు ఏ ఇబ్బందీ లేదు. పొద్దు పొడిచేసరికి దర్వాజా దాటేశాం, పైదాకా గంట పట్టలేదు. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు రాజధాని చేసుకున్న చోటు ఇది, సున్నం లేకుండా పేర్చిన ఆ రాళ్ళ గోడలు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. 2016లో పోలీసు కమిషనరేట్‌కు పెట్టాక ఈ పేరు హైదరాబాద్‌లో అందరి నోటా నానింది గానీ, గుట్ట ఎక్కేవాళ్ళు మాత్రం ఇప్పటికీ తక్కువే. కొత్త ఉన్ని సాక్స్ బాగా పనిచేశాయి, ఒక్క పొక్కు లేదు. ఇద్దరికీ కలిపి ఎనిమిది లీటర్ల నీళ్ళు సరిపోయాయి.

ఇక కనుమ సంగతి. టోపోషీట్ (ఎత్తుపల్లాలు చూపించే పటం) మీద స్కేలు పెట్టి కొలిస్తే మొదటి గుట్ట ఉత్తరపు కొస నుంచి రెండో గుట్ట భుజం దాకా 8 మిల్లీమీటర్లు, అంటే 1:50,000 లెక్కన 400 మీటర్లు. మధ్య పల్లం దాకా మూడే కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు), గీతకు 20 మీటర్లు కాబట్టి దిగేది 60 మీటర్లు. కాగితం మీద పిల్లలాట. చదును బండ మీదైతే పది నిమిషాల నడక. మేము 10:40కి కొస మీద నుంచి దిగడం మొదలుపెడితే 12:05కి 260 మీటర్లు వచ్చాం. అంటే నిమిషానికి మూడు మీటర్లు! మొదటి వంద మీటర్లు సీతాఫలం చెట్ల కింద వంగి నడవొచ్చు. ఆ తర్వాత లాంటానా, దాని మీదికి అల్లుకున్న పరికి కంప. పరికి ముల్లు వెనక్కి వంగి ఉంటుంది, ముందుకు పోతే చొక్కా పట్టుకుంటుంది, వెనక్కి లాగితే చర్మం చీరుతుంది. పక్కకు తిరిగి ఒక్కో కొమ్మను వేళ్ళతో విడిపించుకుంటూ పోవాలి. తోటపనికి వాడే తోలు గ్లవ్స్ లేకపోతే అక్కడిదాకా కూడా వెళ్ళేవాళ్ళం కాదు. పల్చటి నైలాన్ ట్రెక్కింగ్ ప్యాంట్లు ఇలాంటి చోట దండగ, మందపాటి కాటన్ డ్రిల్ ప్యాంటే మేలని నా గట్టి అభిప్రాయం. ట్రెక్కింగ్ పోల్స్ కూడా అంతే, కింది కొస దగ్గరుండే గుండ్రటి బిళ్ళల్లో కంప ఇరుక్కుంటుంది, వెదురు కర్ర చాలు.

కంప దాటాక అసలు అడ్డంకి. బండ ఉన్నట్టుండి తెగిపోయింది. తాడుకు రాయి కట్టి వదిలితే నేల తగిలేసరికి ఏడున్నర మీటర్లు. 20 మీటర్ల కాంటూరులో అంత నిలువు ఎక్కడా కనిపించదు, రెండు గీతల మధ్య మాయమైపోతుంది. ఎడమ వైపు, అంటే పడమర, రెండు గుండ్ల మధ్య మనిషి పక్కకు తిరిగితే పట్టే సందు ఉంది. జానతో కొలిస్తే రెండు జానల పైచిలుకు. సంచులు విప్పి ముందు నేను దూరాను. అవతల తల బయట పెట్టి పైకి చూస్తే పొడుచుకొచ్చిన బండ కింద నాలుగు కొండతేనె పట్టులు, ఒక్కోటి మీటరు వెడల్పు. పన్నెండు అడుగుల దూరం కూడా లేదు. నా నీడ కదలగానే దగ్గరి పట్టు మీద ఈగలన్నీ వరసగా తోకలెత్తాయి, ఆ మెరుపు ఈ అంచు నుంచి ఆ అంచుకు పాకింది. అది హెచ్చరిక. మాట్లాడకుండా, చెయ్యి ఊపకుండా వెనక్కి జరిగాను. ఆ దారి ఇక లేనట్టే.

కుడి వైపు ఏటవాలు బండ ఉంది, నా అంచనా 40 డిగ్రీలు. పొడిగా ఉంటే వెళ్ళొచ్చు. కానీ పై మట్టిలోంచి ఇంకా నీరు ఊరుతోంది, నల్లగా నాచు పట్టిన చారలు, బూటు పెడితే జారింది. 12:40కి వెనక్కి తిరిగాం. సూర్యాస్తమయం 5:40కి, అవతల ఇంకా తొమ్మిది కిలోమీటర్లు తెలియని దారి.

శాటిలైట్ బొమ్మలో ఇదంతా ఖాళీగా ఎందుకు కనిపించిందో ఇప్పుడు అర్థమవుతోంది. నేను చూసుకున్న బొమ్మ ఎండాకాలంలో తీసినదై ఉండాలి. ఇది ఆకురాల్చే అడవి, అప్పుడు నేల కనిపిస్తుంది. ఆ అనుమానం దిగేటప్పుడు కలిసిన మేకల కాపరి పెద్దాయన మాటతో బలపడింది. "ఆ నడిమిట్ల మేకలే పోవు, మీరేడికి పోతరు బిడ్డా? ఆకు రాలినంక రాండ్రి, తూర్పు దిక్కు బండ మీదికెల్లి తొవ్వ ఉన్నది" అన్నాడు. తూర్పు బండ అంటే మేము జారిన బండే!

కొడవలి పట్టుకెళ్ళి దారి కొట్టేయొచ్చు కదా అని మా ట్రెక్కింగ్ స్నేహితులు కొందరంటారు. ససేమిరా. ఇది రిజర్వ్ ఫారెస్ట్, పైగా ఒకసారి దారి తెరిస్తే వెనకాలే ప్లాస్టిక్ సీసాలు వస్తాయి.

ట్రాక్ కూడా గందరగోళమే. ఆ 260 మీటర్లకు ఫోను 1.1 కిలోమీటర్లు రాసుకుంది, గుండ్ల మధ్య సిగ్నల్ రాళ్ళకు కొట్టుకుని వస్తే అంతే. ఎత్తులో ఇంకో తిరకాసు. మన ప్రాంతంలో జీపీఎస్ ముడి ఎత్తు సముద్రమట్టం లెక్క కంటే డెబ్బైకి పైగా మీటర్లు తక్కువ చూపిస్తుంది, ఆ తేడాను సరిచేసే ఫైలు వేసుకోకపోతే ఏ కాంటూరు మీదున్నామో తేలదు. ఓస్మ్‌అండ్ అనే మ్యాప్ యాప్‌లో ఆ ఆప్షన్ ఉంది, అందుకే మెనూలు ఎంత చికాకు పెట్టినా దాన్ని వదలను.

ఫిబ్రవరి రెండో వారం అనుకుంటున్నా. ఆకు రాలి ఉంటుంది, బండ ఎండి ఉంటుంది. కొండతేనె పట్టులు అప్పటికి ఖాళీ అవుతాయన్న నమ్మకం లేదు, మోదుగ పూసే కాలం కదా, కాబట్టి పడమర సందు జోలికి పోము. ఈసారి ఉత్తరం నుంచి మొదలుపెడతాం. ఏటవాలు బండ దిగడం కంటే ఎక్కడం తేలిక, కుదరకపోతే పొద్దున్నే తెలిసిపోతుంది, రోజంతా వృథా కాదు. ముప్పై మీటర్ల తాడు, ఇంకో మనిషి కావాలి. ఈలోపు సంక్రాంతి సెలవుల్లో దేవరకొండ కోట గోడ వెంబడి పూర్తి చుట్టు తిరగాలని ఉంది, అదీ పద్మనాయకులదే. అక్కడ నీళ్ళు ఏ నెల దాకా ఉంటాయో తెలిసినవాళ్ళు చెబితే సంచి బరువు రెండు కిలోలు తగ్గించుకుంటా.