మెటల్ స్లగ్ ఎక్స్: కాయిన్లు లెక్కపెట్టుకుని ఆడండి

మా జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడికి గేములంటే ప్రాణమని తెలిసి, పరిగెత్తుతూ శత్రువులను కాల్చే పాత వీడియో గేమ్ మెటల్ స్లగ్ ఎక్స్ ఆడి చూడమన్నాను. శనివారం చెప్పాను. సోమవారం వచ్చి, "గంటలో కొట్టేశాను మేడం. బాగుంది గానీ మరీ చిన్న గేమ్" అన్నాడు. ఎన్నిసార్లు కంటిన్యూ నొక్కావని, అంటే లైఫ్‌లన్నీ అయిపోయాక ఎన్నిసార్లు ఇంకో కాయిన్ వేసి ఆట కొనసాగించావని అడిగాను. లెక్కపెట్టలేదట.

అతని తప్పేమీ లేదు. ఇంట్లో ఆడుకునే వెర్షన్‌లో కాయిన్లకు కొదవుండదు. చచ్చిన చోటే లేచి మళ్ళీ కాల్చుకుంటూ పోవచ్చు. అలా పోతే ఎవరికైనా గంటే పడుతుంది. అదే గేమ్ నేను ఇరవై ఏళ్ళకు పైగా ఆడుతున్నాను, ఇంకా తనివి తీరలేదు. తేడా అంతా కాయిన్ల దగ్గరే ఉంది. అది అతనికి టీ తాగుతూ రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను శ్రీకాకుళంలో ఏడో తరగతి చదివేటప్పుడు ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో ఒక సందులో వీడియో గేమ్ షాపు ఉండేది. చీకటి గది, ఒక ఫ్యాను, నాలుగు మెషీన్లు. రూపాయికి ఒక కాయిన్. ఒక మెషీన్‌లో ముస్తఫా. ఆ గేమ్ అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని నాకు పెద్దయ్యాకే తెలిసింది. మనవాళ్ళందరికీ అది ముస్తఫాయే. దాని పక్క మెషీన్‌లో మెటల్ స్లగ్ ఎక్స్. ఆ షాపులో ఆడపిల్లలు కనిపించేవారు కాదు. మా పెదనాన్న కొడుకు నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆదివారం కూరగాయలకు పంపితే నన్ను కూడా తీసుకెళ్ళేవాడు, వచ్చేటప్పుడు ఆ సందులోంచి తిప్పేవాడు. ఒకసారి సంగతి తెలిసి మా అమ్మ, "ఆడపిల్లకి ఆ సందులో ఏటే పని?" అని నిలదీసింది. అన్నయ్యే, "నాను పక్కనే ఉన్నాను కదా పిన్నీ" అని సర్దిచెప్పాడు. ఆ మాట చెప్పకపోయి ఉంటే ఈ గేమ్ నా జీవితంలోకి వచ్చేదే కాదు.

కాయిన్ వేశాక నలుగురిలో ఒకరిని ఎంచుకోమంటుంది. మార్కో, టార్మా, ఎరి, ఫియో. ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు. ఫియోకి తలమీద టోపీ, వీపున బ్యాగు, కళ్ళకు అద్దాలు. నాకు అప్పటికే కళ్ళజోడు వచ్చి ఏడాదైంది, బడిలో అందరూ పేర్లు పెట్టి ఏడిపిస్తున్నారు. తెర మీద అద్దాలు పెట్టుకున్న అమ్మాయి మెషీన్ గన్ పట్టుకుని పరిగెత్తడం చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు నేను ఫియోతోనే ఆడతాను.

నాకు రెండు కాయిన్లు, అన్నయ్యకు రెండు. అంతకు మించి డబ్బులు ఉండేవి కావు. ఒక కాయిన్‌కి మూడు లైఫ్‌లు. ఒక్క తూటా తగిలినా, ఒక్క బాంబు పక్కన పడినా ఒక లైఫ్ పోతుంది. కాబట్టి ఊరికే పరిగెత్తడానికి ధైర్యం చాలేది కాదు. రెండడుగులు వేసి ఆగేవాళ్ళం, చూసేవాళ్ళం. అలా ఆగి చూడటం వల్లే ఈ గేమ్ మాకు కనిపించింది.

ఏం కనిపిస్తుందంటే, శత్రు సైనికులు మనల్ని చూడకముందు వాళ్ళ పనుల్లో వాళ్ళు ఉంటారు. ఒకరి పక్కన ఒకరు చేరి కబుర్లు చెప్పుకుంటారు, నవ్వుకుంటారు. మనం కంటపడగానే కెవ్వుమని అరిచి చేతులు గాల్లోకి ఎత్తి పరిగెడతారు. ఇవన్నీ ఒక్కొక్క చుక్కా పెట్టి చేత్తో గీసిన బొమ్మలు. మధ్యమధ్యలో మనం ఎక్కి నడిపే ట్యాంకు కదిలేటప్పుడు మెత్తటి ఒళ్ళున్న జంతువులా ఊగుతుంది, గుంతలో దిగితే కుంగుతుంది. పరిగెత్తుకుంటూ పోయేవాడికి ఇందులో సగం కనపడదు.

ఇక బందీలు. ఈ గేమ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది వాళ్ళే. గుబురు గడ్డంతో, చినిగిన నిక్కరుతో, తాళ్ళతో కట్టేసి అక్కడక్కడా కూర్చోబెట్టి ఉంటారు. కట్లు విప్పగానే నిక్కరులోంచి ఏదో ఒక సామాను తీసి మనకిచ్చి, సెల్యూట్ కొట్టి పారిపోతారు. స్టేజి అయ్యాక మనం విడిపించినవాళ్ళ పేర్లు వరసగా తెర మీద వస్తాయి, ఒక్కొక్కరికీ పాయింట్లు పడతాయి. కానీ మధ్యలో మనం ఒక్కసారి చచ్చామా, అప్పటిదాకా విడిపించిన వాళ్ళ లెక్క పోతుంది. ఎనిమిది మందిని కాపాడి, స్టేజి చివర వచ్చే పెద్ద శత్రువు, అదే బాస్, ముందు చచ్చిపోతే ఆ ఎనిమిది పేర్లూ రావు. కంటిన్యూలు నొక్కుకుంటూ వెళ్ళేవాళ్ళకు ఈ పేర్ల జాబితా దాదాపు ఖాళీగానే వస్తుంది. మా ఆఫీసు కుర్రాడిని అడిగితే, "పేర్లు వస్తాయా?" అన్నాడు.

గేమ్ వెనక ఉన్న కథ కూడా కొంచెం చెప్పాలి. జపాన్‌లో ఐరెమ్ అనే కంపెనీ నుంచి బయటికొచ్చిన కొందరు నాజ్కా అనే చిన్న కంపెనీ పెట్టి, ఎస్‌ఎన్‌కే వారి నియో జియో మెషీన్ కోసం 1996లో మొదటి మెటల్ స్లగ్ తీశారు. మొదట్లో మనం ఆడేది మనిషిని కాదు, ట్యాంకునే. బయట జనం చేత ఆడించి చూస్తే వాళ్ళకు నచ్చలేదు. అప్పుడు మనుషులను ముందుకు తెచ్చి, ట్యాంకును ఎక్కి దిగే వాహనంగా మార్చారు. పేరు మాత్రం ట్యాంకుదే ఉండిపోయింది. 1998లో రెండోది వచ్చింది. ఎరి, ఫియో ఇందులోనే వచ్చారు. బాగుంటుంది గానీ, తెర మీద జనం ఎక్కువైతే గేమ్ ఈడ్చుకుంటూ నడుస్తుంది. మరుసటి ఏడు, 1999లో, అదే గేమ్‌ను బాగుచేసి, శత్రువులను కొత్తగా పేర్చి, కొత్త గన్‌లు చేర్చి ఎక్స్ అని వదిలారు. అందుకే రెండోది వదిలేసి నేరుగా ఎక్స్ ఆడమంటాను.

2000లో వచ్చిన మూడోది ఇంకా పెద్దది, దారులు చీలుతాయి, చాలామంది అదే గొప్పదంటారు. నేనూ కాదనను. కానీ దాని చివరి స్టేజి ఎంతకీ తెగదు. కొత్తవాళ్ళు అక్కడ విసిగి వదిలేయడం చూశాను. కాంట్రా అనే ఇలాంటి పాత కాల్పుల గేమ్ అలవాటున్నవాళ్ళకు ఒక మాట. అందులోలాగా ఇక్కడ ఏటవాలుగా గురిపెట్టి కాల్చడం కుదరదు. నిలబడితే ముందుకీ పైకీ, గాల్లోకి ఎగిరితే కిందకీ, అంతే. హెచ్ అక్షరం ఉన్న హెవీ మెషీన్ గన్ దొరికితే మాత్రం, కాలుస్తూ పై బటన్ నొక్కితే తూటాలు విసనకర్రలా పరుచుకుంటూ పైకి లేస్తాయి. అది వేలికి పట్టుబడటానికి నాకు ఒక వేసవి పట్టింది.

ఆడేటప్పుడు అన్నయ్య నాకు నేర్పినవే మీకూ చెబుతాను. శత్రువు దగ్గరికి వస్తే కాల్చే బటన్ నొక్కినా మనవాళ్ళు కత్తితో పొడుస్తారు. దానికి తుపాకీ కంటే ఎక్కువ పాయింట్లు. హెచ్ గన్ తూటాలు కూడా మిగులుతాయి. బాంబులు పది ఇస్తారు, చచ్చేటప్పుడు చేతిలో ఉన్నవి వృథా. కాబట్టి దాచుకోకండి. మంచి గన్ కూడా అంతే. నేను చాలాకాలం లేజర్‌ను బాస్ కోసమని దాచి, దారిలోనే చచ్చి పోగొట్టుకునేదాన్ని. ట్యాంకు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు క్షణంపాటు మనకు దెబ్బ తగలదు. తూటాల వాన కురిసేటప్పుడు ఆ క్షణం చాలా విలువైనది. ట్యాంకు మినుకుమినుకుమంటే ఇక ఆశ వదిలేసి దూకేయాలి.

రెండో స్టేజి ఈజిప్టు. అక్కడ మమ్మీలు ఊదే గాలి సోకితే మనం కూడా మమ్మీ అయిపోతాం. నడక ఈడ్చుకుంటూ సాగుతుంది, మంచి గన్ పోయి పిస్తోలే మిగులుతుంది. మందు సీసా దొరికితే మళ్ళీ మామూలు మనిషి. తిండి వస్తువులు ఎక్కువ ఏరుకుంటే ఒళ్ళు పెరిగి నడక మందగిస్తుంది. మొదటిసారి ఫియో అలా లావైపోయినప్పుడు, మెషీన్ పాడైందనుకుని అన్నయ్య వైపు కంగారుగా చూశాను.

ఈ గేమ్‌ను నేను ఇంకొకరికి నేర్పింది తిత్లీ తుఫాను వారంలో. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను కాశీబుగ్గలో మా సొంత అన్నయ్య వాళ్ళింట్లో ఉన్నాను. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు మొదళ్ళతో లేచిపోయి ఉన్నాయి. ఉద్దానంలో జీడి తోటలు పడిపోయిన తీరు చూసి మా వదిన ఏడ్చేసింది, వాళ్ళ పుట్టింటివాళ్ళకు ఆ తోటే ఆధారం. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. మా వీధికి కరెంటు వచ్చేసరికి తొమ్మిది రోజులైంది. మగవాళ్ళు నీళ్ళ కోసం, కిరోసిన్ కోసం తిరుగుతున్నారు. మేనల్లుడికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఫోన్‌లో ఆడే గేములన్నీ నెట్ మీద ఆధారపడ్డవే. రాత్రి చీకట్లో గాలి చప్పుడైతే లేచి కూర్చునేవాడు.

నా దగ్గర పాత లాప్‌టాప్ ఉంది, అందులో మెటల్ స్లగ్ ఎక్స్ ఉంది. నెట్ అక్కర్లేదు, పెద్ద గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. జనరేటర్ ఉన్న ఇంట్లో పగలు ఛార్జింగ్ పెట్టుకొస్తే సాయంత్రం ముప్పావు గంట వచ్చేది. అందుకే మళ్ళీ పాత లెక్కే పెట్టాను. మనిషికి రెండు కాయిన్లు. అవి అయిపోతే మూత వేసేయడమే. ఒకే కీబోర్డు మీద నాలుగు చేతులు. వాడు మార్కో, నేను ఫియో.

మొదటి రోజు మొదటి స్టేజి సగంలోనే వాడి ఆరు లైఫ్‌లూ పోయాయి. "అత్తా, ఇంకొక్క పాలి" అని బతిమాలాడు. ఇవ్వలేదు. రాత్రి మంచం మీద పడుకుని, ఎక్కడెక్కడ ఎవడు దూకుతాడో వేళ్ళ మీద చెప్పుకున్నాడు. మూడో రోజుకి కాల్చడం తగ్గించి చూడటం మొదలుపెట్టాడు. అయిదో రోజు వాడిని మమ్మీ చేసేసరికి, "అత్తా! నానేటి ఇలాగైపోనాను?" అని అరిచిన అరుపుకి వదిన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఏమైందో చూసి, తుఫాను తర్వాత మొదటిసారి నవ్వింది. ఆ స్టేజిలో వాడు చావకుండా చివరిదాకా వచ్చాడు. బందీల పేర్లు ఒక్కొక్కటే తెర మీదకు వస్తుంటే ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుని పైకి చదివాడు. అన్ని పేర్లూ చదివేదాకా ఆగి, అప్పుడు లాప్‌టాప్ మూశాను.

ఇప్పుడు ఈ గేమ్ దొరకడం కష్టమేమీ కాదు. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌లో 2014 నుంచి ఉంది, సేల్‌లో చాలా తక్కువకే వస్తుంది. నింటెండో స్విచ్ అనే గేమ్ మెషీన్ ఉన్నవాళ్ళకు ఏసీఏ నియో జియో పేరుతో దొరుకుతుంది. బొమ్మల అందం కోసం ఆడేవాళ్ళు 2017లో వచ్చిన కప్‌హెడ్ అనే గేమ్ గురించి నన్ను అడుగుతుంటారు. చేత్తో గీసిన ఆ పని మీద నాకు చాలా గౌరవం ఉంది. కానీ అందులో పరిగెత్తుతూ కాల్చే స్టేజిలు ఆరే, మిగతాదంతా బాస్‌లతో పోరాటం. దారిలో ఆగి చుట్టూ చూసే ఆట కావాలంటే నేను మెటల్ స్లగ్ ఎక్స్ చేతిలో పెడతాను.

కంటిన్యూ బటన్‌ను ఎవరూ ఆపరు, మీరే ఆపుకోవాలి. రోజుకి రెండు కాయిన్లు, మూడోది రేపటికి. ఒకే కాయిన్‌తో ఆరు స్టేజిలూ పూర్తిచేయడాన్ని వన్ సీసీ అంటారు. నాకు అది ఇప్పటికి రెండుసార్లే కుదిరింది. దానికోసం మొదటి రోజే తొందరపడకండి. మొదటి వారం మొదటి స్టేజి చావకుండా దాటితే చాలు. వీలైతే పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి. చెల్లి ఉంటే చెల్లిని, కూతురుంటే కూతుర్ని. క్యారెక్టర్‌ను ముందు వాళ్ళనే ఎంచుకోనివ్వండి.

మా ఆఫీసు కుర్రాడు నిన్నటి నుంచి రెండు కాయిన్ల లెక్కతో మళ్ళీ మొదలుపెట్టాడు. ఇవాళ పొద్దున్న వచ్చి ఈజిప్టులో చచ్చిపోయానని చెప్పాడు. ఎంతమందిని విడిపించావంటే, ఈసారి లెక్క చెప్పాడు. ఏడుగురు.