పన్ను నొప్పి, 20 రూపాయల డాలరు

షార్జాల ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీల స్టోర్‌కీపర్‌ను నేను, తొమ్మిదేండ్లయితుంది. మాది పరకాల పక్కన పల్లె, బీకాం హన్మకొండల చదివిన. పోయినేడు కింది దవడ పన్ను ఒకటి బాగ సతాయించింది. అక్కడి క్లినిక్‌ల అడిగితే రూట్ కెనాల్, క్యాప్ కలిపి 1,500 దిర్హమ్‌లన్నరు, అంటే మన 34 వేలు, ఇంటికి పంపే పైసలల్ల నుంచి అంత తియ్యబుద్ధి కాలే. రెండు నెలలు లవంగం నోట్ల పెట్టుకొని సిమెంట్ బస్తాలు, కేబుల్ డ్రమ్ములు లెక్క రాసుకుంట గడిపిన, లీవ్‌కు వచ్చినంక హన్మకొండల 6 వేలకు చేయించుకున్న. మా రూంల అందరిదీ ఇదే కథ, పండ్లు, కండ్లద్దాలు, మోకాలి నొప్పి అన్నీ లీవ్ దాక ఆపుకుంటరు.

ఈ తేడానే పీపీపీ, కొనుగోలు శక్తి సమానత అంటరు. ప్రపంచ బ్యాంకు నడిపే ఇంటర్నేషనల్ కంపారిజన్ ప్రోగ్రాం వాళ్లు ఒక్కో దేశంల బియ్యం, కిరాయి, కటింగ్, డాక్టర్ ఫీజు లాంటి ధరలు తీసుకొని పక్కపక్కన పెట్టి చూస్తరు. 2017 లెక్కల డాలరుకు మారకం రేటు 65.12 రూపాయలుంటే పీపీపీ రేటు 20.65 వచ్చింది. అంటే అమెరికాల ఒక డాలరుకు వచ్చే సామాను, సేవ మన దగ్గర సగటున ఇరవై రూపాయల చిల్లరకే దొరుకుతది, డాలరు మార్చుకొని ఇక్కడ ఖర్చు పెట్టెటోనికి మూడింతలు వస్తది. దిర్హమ్‌ను 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గరనే కట్టేసి ఉంచిన్రు కాబట్టి మాకు డాలరు లెక్క తొందరగనే అర్థమైతది.

మా రూంల సిరిసిల్ల తమ్ముడు ఒకరోజు ఫోన్ల చూసి అడిగిండు, "అన్నా, ప్రపంచ బ్యాంకు లెక్కల రోజుకు మూడు డాలర్ల కంటే తక్కువుంటే పేదోళ్లంట, అంటే 250 రూపాయలు గద, అట్లయితె మా ఊర్ల సగం మంది అందులనే ఉంటరు" అని. అది 2021 ధరల పీపీపీ డాలరు తమ్మీ, బ్యాంకుల మార్చే డాలరు కాదు, మన రూపాయల్ల మనిషికి రోజుకు 60, 70 మధ్యల పడతది అని చెప్పిన. వాడు జరసేపు మాట్లాడలే. "గంతేనా? 70 రూపాయలల్ల తిండి, బట్ట, మందులు అన్నీ?" అన్నడు. పేదరికం గీత అంత కిందికి ఉందని నాకూ అప్పుడే గట్టిగ తగిలింది.

ఇంకోటి, మన దగ్గర అన్నీ అగ్గువ కాదు. కటింగ్ అగ్గువ, ఆటో అగ్గువ, కూలీ అగ్గువ. ఫోన్ అగ్గువ కాదు, తులం బంగారమైతే షార్జా కంటే హన్మకొండ చౌరస్తాలనే కొంచెం పిరం. దేశాలు దాటి అమ్ముడుపోయే వస్తువు ధర అంతటా దగ్గరదగ్గరగ ఉంటది, మనిషి చేతిపని మాత్రం ఆ ఊరి జీతాన్ని బట్టే ఉంటది, బలాసా, శామ్యూల్సన్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు 1964ల వేరువేరుగ రాసింది ఇదే.

ఆ చేతిపనిని నేను నా నోటి ముంగటనే చూసిన. పన్ను చేస్తుంటే పక్కన నిలబడి ఉమ్మి గుంజే పైపు పట్టుకున్న పిల్ల, గంటసేపు అట్లనే ఉంది, మధ్యల మణికట్టు నొస్తే చెయ్యి మార్చుకుంది. అయినంక బయట "నెలకెంత ఇస్తరు చెల్లె" అంటే "తొమ్మిది వేలన్నా, అండ్ల బస్సుకే వెయ్యి పోతది" అంది. నా రూట్ కెనాల్ అగ్గువైంది డాక్టర్ మందు అగ్గువై కాదు, ఆ తొమ్మిది వేల వల్ల. ఆ జీతానికి పప్పు, బియ్యం, కిరాయి ఎట్లనో ఎల్లుతయి, పీపీపీ చెప్పేది అంతవరకే. ఆమె ఫోన్ కొనాలన్నా, పెండ్లికి రెండు తులాలు చేయించాలన్నా నేను కొనే ధరకే కొనాలె.

"అక్కడ ఈ పనికి ఎంతిస్తరన్నా" అని అడిగింది. మా క్యాంపు దగ్గర క్లినిక్‌ల కేరళ అమ్మాయికి మూడు వేల దిర్హమ్‌లని విన్న, అదే చెప్పిన. మనసుల లెక్క వేసుకుంది, తర్వాత "వీసకు ఎంతైతది" అంది. నేను పోయేటప్పుడు ఏజెంటుకు 90 వేలు కట్టిన, నూటికి మూడు రూపాయల మిత్తి, తీరేటాల్లకు పద్నాలుగు నెలలు పట్టింది. రిజిస్టర్డ్ ఏజెంటు సర్వీస్ చార్జి 30 వేలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోవద్దని రూల్ ఉంది చెల్లె, ఎవరన్న లక్షన్నర అడిగితె పైస ఇయ్యకు, ముందు కేంద్ర ప్రభుత్వం సైట్ ఈ-మైగ్రేట్ల వాళ్ల లైసెన్స్ నంబర్ చూడు అని చెప్పి, ఆమె ఫోన్లనే ఆ సైట్ తెరిచి చూపించిన.