హనోకు ఎక్కడికి పోయాడో వెతుక్కుంటూ

మా నాయనమ్మ పొద్దున్నే బర్రెలకి చొప్ప వేసొచ్చి కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చుని బైబిలు పైకి చదివేది. మాది మాచర్ల పక్కన పల్లె. నేను ఆరో క్లాసులో ఉండగా ఒకరోజు ఆదికాండం ఐదో అధ్యాయం చదువుతోంది, ఫలానా ఆయన ఇన్నేళ్ళు బతికి చనిపోయాడు, ఆయన కొడుకు ఇన్నేళ్ళు బతికి చనిపోయాడు, అలా వరసగా పోతూ పోతూ హనోకు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ చనిపోయాడనే మాట లేదు, దేవుడు తీసుకుపోయాడు కాబట్టి లేకపోయాడు అని ఉంది. ఎక్కడికి తీసుకుపోయాడు నాయనమ్మా అంటే "అది రాయలేదురా" అంది. అంతే, తర్వాత పేరుకి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ రోజునించీ అక్కడే ఆగిపోయింది.

రాశారని తెలియడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. జర్మనీలో ఉద్యోగానికొచ్చాక ఒక చలికాలం వరసగా ఇవే చదువుతూ కూర్చున్నా. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట, చాలామంది పండితుల లెక్కలో క్రీ.శ. 1వ శతాబ్దంలో, యూదులు రాశారు, హనోకుని ఇద్దరు మనుషులు వచ్చి ఎలా తీసుకెళ్ళారో, ఏ ఆకాశంలో ఏముందో అంతా. (ఇథియోపియాలో మిగిలిన హనోకు గ్రంథం వేరు, బైబిల్లోని యూదా పత్రికలో హనోకు పేరుతో ఉన్న మాటలు దాన్నించి వచ్చినవే. నేను చెప్పేది రెండో హనోకు.) ఇలా పాత మహానుభావుల పేరు మీద ఎవరో రాసిన పుస్తకాల్ని సూడెపిగ్రాఫా అంటారు. విచిత్రం ఏంటంటే ఈ పుస్తకం హీబ్రూలో దొరకదు, గ్రీకులో దొరకదు, మొత్తంగా మిగిలింది పాత స్లావు భాషలోనే, అంటే బల్గేరియా, సెర్బియా, రష్యా మఠాల్లో సన్యాసులు చేత్తో రాసుకున్న ప్రతుల్లోనే. "అబ్రాహాము దర్శనం" అనే ఇంకో పుస్తకం కూడా అంతే, "యాకోబు నిచ్చెన" కూడా అంతే.

మనకి ఇది కొత్త సంగతేం కాదు. గుణాఢ్యుడు పైశాచీ భాషలో రాసిన బృహత్కథ ఇవాళ ఒక్క ముక్క లేదు, సోమదేవుడు, క్షేమేంద్రుడు సంస్కృతంలో మళ్ళీ చెప్పారు కాబట్టి ఆ కథలు మనదాకా వచ్చాయి. వేరేవాళ్ళ నోట్లో బతికిన కథలు. అందుకే ఆ నోరు ఎవరిదో చూడాలనిపించింది, మే నెలలో వారం రోజులు సెలవు పెట్టి సోఫియా వెళ్ళా.

నేను దిగిన మర్నాడు మే 24. అది బల్గేరియా వాళ్ళకి అక్షరాల పండగ, నిజంగానే అక్షరాల పండగ, స్కూలు పిల్లలు పూలు పట్టుకుని ఊరేగింపుగా వస్తారు, సోఫియా నేషనల్ లైబ్రరీ ముందు స్లావులకి లిపి తయారుచేసిన సిరిల్, మెథోడియస్ అన్నదమ్ముల విగ్రహం ఉంటుంది, దాని మెట్ల నిండా దండలు. ఒక లిపి కోసం ఒక దేశం మొత్తం సెలవు తీసుకుని పూలు మోయడం నేను అంతకుముందు చూళ్ళేదు, ఆ జనంలో నిలబడితే కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. తెలుగు అక్షరానికి కూడా ఇలాంటి రోజు ఒకటి ఉంటే, పిల్లలు పూలు తెస్తే ఎంత బావుంటుందో అనిపించింది.

ఆ అన్నదమ్ములు 863లో మొరావియాకి (ఇప్పటి చెక్ దేశం వైపు) వెళ్ళారు స్లావులకి వాళ్ళ భాషలోనే పూజలు చేయించడానికి, మెథోడియస్ 885లో చనిపోయాక శిష్యుల్ని అక్కణ్ణించి తరిమేశారు, వాళ్ళు బల్గేరియా వస్తే బోరిస్ రాజు చేరదీశాడు, ఆయన కొడుకు సిమియోన్ కాలంలో ప్రెస్లావ్, ఓహ్రిద్ ఊళ్ళలో గ్రీకు పుస్తకాలు గంపలకొద్దీ స్లావులోకి మారాయి. ఆ గంపల్లోనే ఈ యూదు పుస్తకాలు కూడా వచ్చాయి. చర్చి ఊరుకుందా అంటే లేదు, చదవకూడని పుస్తకాల జాబితాలు ఉండేవి, 1073లో కీవ్ రాజు స్వ్యాతోస్లావ్ కోసం రాసిన సంకలనంలోనే అలాంటి జాబితా ఉంది. అయినా ఆ జాబితా నకలు రాసిన చేతులే ఆ పుస్తకాలు కూడా నకలు రాశాయేమో అనిపిస్తుంది నాకు. సన్యాసుల సంకలనాల్లో సాధువుల జీవితాల పక్కనో ఉపన్యాసాల మధ్యనో హనోకు హాయిగా కూర్చుని ఉంటాడు. కావాలని దాచారో, మంచి కథ కదా అని రాసుకున్నారో, రెండో హనోకుకి ఇవాళ ముక్కలతో కలిపి సుమారు 20 ప్రతులు ఉన్నాయంటే అది వాళ్ళ చలవే, అన్నీ 14వ శతాబ్దం, ఆ తర్వాతవే.

మర్నాడు రీలా మఠం. సోఫియాకి దక్షిణంగా బస్సులో రెండున్నర మూడు గంటలు, చివర్లో కొండలు దగ్గరకొచ్చేసి దారి ఏటి పక్కనే మలుపులు తిరుగుతుంది. 1833లో మంటల్లో కాలిపోతే మళ్ళీ కట్టుకున్నారు, 14వ శతాబ్దపు హ్రెల్యో బురుజు మాత్రం అలాగే మధ్యలో నిలబడి ఉంది. గుడి వసారా గోడల మీద బొమ్మలున్నాయి చూడండి, చనిపోయినవాడి ఆత్మ ఒక్కో సుంకం నాకా దాటుకుంటూ పైకి పోతుంటుంది, ప్రతి నాకా దగ్గరా దయ్యాలు చిట్టా పట్టుకుని వాడి పాపాలు చదువుతుంటాయి, పక్కన దేవదూత. మెట్టు మెట్టుగా ఆకాశం ఎక్కడం అనే ఊహ ఈ జనానికి ఎంత దగ్గరిదో ఆ గోడ చూస్తే తెలిసిపోతుంది, హనోకు వీళ్ళకి పరాయివాడిలా ఎందుకు అనిపించలేదో కూడా. లోపల మ్యూజియంలో రఫాయిల్ అనే సన్యాసి చెక్కిన చెక్క సిలువ ఉంది, 104 దృశ్యాలు, 650 బొమ్మలు, పన్నెండేళ్ళు చెక్కాడట, 1802లో పూర్తయ్యేసరికి చూపు పోయింది. ఆ సిలువ ముందు చాలాసేపు నిలబడ్డా. నకలు రాసిన లేఖరుల్లో ఎంతమందికి ఇలా కళ్ళు పోయాయో, చాలామందికి పేరు కూడా మిగల్లేదు.

ఆ తర్వాత రోజు లైబ్రరీలో ఒకావిడ కలిసింది, మధ్యయుగపు రాతప్రతుల మీద పనిచేస్తుంది, ముందే మెయిల్ రాసుకున్నాం. రాతప్రతులు నాలాంటివాడికి చూపించరు, అది న్యాయమే, కానీ ఆవిడ యోర్దాన్ ఇవానోవ్ 1925లో అచ్చు వేయించిన పుస్తకం తెప్పించింది, బొగొమిలుల పుస్తకాలూ గాథలూ అని పేరు. బొగొమిలులు అంటే అక్కడ 10వ శతాబ్దంలో చర్చికి ఎదురు తిరిగిన ఒక మతశాఖ. హనోకుని కూడా ఇవానోవ్ అందులోనే పెట్టాడు. అంతకు ఏడేళ్ళ ముందు, 1918లో, యానీ మాండర్ అనే ఖగోళ శాస్త్రవేత్త, సూర్యుడి మచ్చల మీద పనిచేసినావిడే, అసలీ పుస్తకం పాత యూదులది కానే కాదు, బొగొమిలులే రాసుకున్నారు అని వాదించింది. ఆవిడ పట్టుకుంది క్యాలెండర్ లెక్కలు. హనోకు నాలుగో ఆకాశంలో సూర్యుడి దారి చూస్తాడు కదా, ఈ పుస్తకం పొడుగు పాఠంలో (పాఠం అంటే ఇక్కడ ప్రతుల్లో కనిపించే ఒక రూపం) 532 ఏళ్ళ చక్రం ఒకటి వస్తుంది, అది 28ని 19తో గుణిస్తే వచ్చే లెక్క, ఈస్టర్ తేదీ కట్టుకోవడానికి క్రైస్తవులు వాడేది. మరి యూదు పుస్తకంలోకి ఎలా వచ్చింది?

దీనికి జవాబు ఏంటంటే ఈ పుస్తకానికి పొట్టి పాఠం ఒకటి, పొడుగు పాఠం ఒకటి ఉన్నాయి, నకలు రాసేవాళ్ళు మధ్యలో తమకి తెలిసింది కలిపారు. ఏది ముందు ఏది తర్వాత అని వందేళ్ళకి పైగా కొట్టుకుంటున్నారు, పారిస్‌లో వయ్యాన్ అనే పండితుడు 1952లో పొట్టిదే అసలు అన్నాడు, ఒప్పుకోనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నాకైతే ఆ కలిపిన మాటలు కూడా ముద్దొస్తాయి, మన భారతంలో చేరినవన్నీ తీసేస్తే ఏం మిగులుతుంది.

బొగొమిలులే రాశారనే వాదనకి అసలు దెబ్బ మాత్రం 2009లో పడింది. యోస్ట్ హాగెన్ అనే ఆయన ఈజిప్టు దక్షిణాన నూబియాలోని కస్ర్ ఇబ్రిమ్‌లో 1972 తవ్వకాల్లో బయటపడ్డ తోలు ముక్కల్లో కాప్టిక్ అనే ఈజిప్టు క్రైస్తవుల పాత భాషలో రెండో హనోకు ఉందని చెప్పాడు, 36 నించి 42 అధ్యాయాల దాకా కొంత, అదీ పొట్టి పాఠానికి దగ్గరగా. అంటే బొగొమిలులకి ఏ సంబంధమూ లేని నైలు ఒడ్డున కూడా ఈ పుస్తకం చదివారన్నమాట. కస్ర్ ఇబ్రిమ్ ఒకప్పుడు ఎత్తైన కొండ మీద కోట, అస్వాన్ డ్యామ్ కట్టాక చుట్టూ నీళ్ళొచ్చేశాయి. లైబ్రరీ ఆవిడ ఇది చెప్తుంటే నేను ఉండబట్టలేక మా నాగార్జునకొండ గురించి చెప్పా, చిన్నప్పుడు స్కూలు నించి లాంచీలో తీసుకెళ్ళేవాళ్ళు, లోయంతా సాగర్ నీళ్ళ కింద ఉంది, తవ్వి తీసినవి మాత్రం కొండ మీద పెట్టారు అని. ఆవిడ వెంటనే మ్యాప్‌లో చూపించమంది, చూపించా.

పుస్తకం లోపలి సంగతి చెప్పకపోతే ఇదంతా దండగ. హనోకు ఇంట్లో ఒంటరిగా పడుకుని నిద్రలో ఏడుస్తుంటే ఇద్దరు చాలా పొడుగు మనుషులు వచ్చి మంచం దగ్గర నిలబడతారు, మొహాలు సూర్యుడిలా ఉంటాయి. భయపడకు, ఇంట్లోవాళ్ళకి చెప్పి రా అంటారు. మంచు గోదాములు, తేనె పాలు పారే తోట, సూర్యుడి రథం వెంట ఎగిరే పక్షులు అన్నీ చూశాక మిఖాయేలు దేవదూత అతని మట్టి బట్టలు విప్పి నూనె రాస్తాడు, తన వైపు చూసుకుంటే తనకీ దేవదూతలకీ తేడా కనపడదు. తర్వాత కూర్చుని ముప్పై పగళ్ళు ముప్పై రాత్రులు రాస్తాడు, 366 పుస్తకాలు (పొట్టి పాఠంలో 360). అవి పట్టుకుని ముప్పై రోజుల కోసం భూమ్మీదకి వస్తాడు, పిల్లల్ని కూర్చోబెట్టుకుని చెప్తాడు, ఈ పుస్తకాలు దాచకండి, కావాలన్నవాళ్ళకి ఇవ్వండి అంటాడు. ఆ మాట నిషేధం జాబితాలు దాటుకుని నా టేబుల్ మీదకి వచ్చిందంటే నాకు ఒళ్ళు జలదరించింది.

ఆదాము పేరుకి కూడా ఒక మాట ఉంది, నాలుగు దిక్కుల నించి తీసి పెట్టాడట, గ్రీకులో అనతోలే, డ్యూసిస్, ఆర్క్టోస్, మెసెంబ్రియా. నాలుగు మొదటి అక్షరాలు కలిపితే ఆదాము. స్లావులో ఈ ఆట కుదరదు, గ్రీకు వేలిముద్ర అలా అతుక్కుని ఉండిపోయింది. అబ్రాహాము దర్శనంలో ఇంకో ముందటి వేలిముద్ర. తండ్రి తెరహు బొమ్మలు చెక్కి అమ్ముతాడు, ఒకరోజు అబ్రాహాము బరీసాత్ అనే చెక్కబొమ్మని పొయ్యి పక్కన పెట్టి నేనొచ్చేదాకా మంట చూసుకో అని వెళ్తాడు, వచ్చేసరికి బొమ్మ వెల్లకిలా పడి కాళ్ళు కాలుతుంటాయి. ఆ సంగతి తండ్రితో చెప్తే ఆయన బరీసాత్ ఎంత గొప్పవాడు, ఇవాళే ఇంకోటి చేస్తా రేపు నాకు వండి పెడతాడు అంటాడు. బరీసాత్ అంటే అరమాయిక్‌లో "అగ్ని కొడుకు" అని కొందరు పండితులు అంటారు. స్లావు సన్యాసికి ఆ శ్లేష తెలిసే దారి లేదు, తెలియకుండానే అక్షరం పొల్లుపోకుండా మోసుకొచ్చాడు. జెరూసలేంలో అలెగ్జాండర్ కులిక్ 2004లో తెచ్చిన పుస్తకం నిండా ఈ పనే, స్లావు మాట వెనక గ్రీకు, గ్రీకు వెనక హీబ్రూ ఏముండేదో వెనక్కి నడుచుకుంటూ పోవడం. అబ్రాహాము దర్శనానికి అన్నిటికంటే పాత ప్రతి, 14వ శతాబ్దపు సిల్వెస్టర్ సంకలనం, మాస్కోలో ఉంది, అక్కడికి ఈసారి కుదర్లేదు.

చివరి రెండు రోజులు బెల్‌గ్రేడ్. నిష్ మీదుగా బస్సు, సరిహద్దు దగ్గర ఆలస్యమై రాత్రికి చేరా. పొద్దున్నే కొసాంచిచ్ వెనాట్స్ వీధికి వెళ్ళా, సావా నది పైన, రాళ్ళు పరిచిన దారి. అక్కడ పాత నేషనల్ లైబ్రరీ ఉండేది. 1941 ఏప్రిల్ 6న జర్మన్ బాంబులు పడి మొత్తం కాలిపోయింది, సుమారు మూడున్నర లక్షల పుస్తకాలు, దాదాపు 1,400 సిరిలిక్ రాతప్రతులు. పునాది గోడలు మాత్రం అలాగే ఉన్నాయి, గడ్డి, పిచ్చి మొక్కలు. అక్కడి హనోకు ప్రతుల్ని నొవాకొవిచ్ 1884లో, రష్యా నించి వచ్చిన సోకొలోవ్ 1899లో, అచ్చు వేయించారు. అగ్గి పడేనాటికి అక్షరాలు అచ్చులో బయటికి వెళ్ళిపోయి ఉన్నాయి. గుణాఢ్యుడు ఏడు లక్షల శ్లోకాల్లో ఆరు లక్షలు అడవిలో జంతువులకి చదివి వినిపిస్తూ ఒక్కో ఆకు మంటలో వేశాడంటారు, జంతువులు మేత మానేసి కన్నీళ్ళతో విన్నాయంటారు. ఆ పునాదుల దగ్గర అదే గుర్తొచ్చింది.

అక్కణ్ణించే నాయనమ్మకి వీడియో కాల్ చేశా. ఇప్పుడు ఎనభై నాలుగు, చూపు బాగా తగ్గింది. హనోకు ఎక్కడికి పోయాడో రాశారు నాయనమ్మా అని మొదలుపెట్టి చెప్పుకుంటూ పోయా. అన్నీ మెల్లిగా వింది. పశువుల ఆత్మలు కూడా చెడిపోవు, తీర్పు రోజున తమకి సరిగ్గా మేత పెట్టని మనుషుల మీద అవి సాక్ష్యం చెప్తాయి అన్న చోట ఆపింది. "మళ్ళీ చెప్పు" అంది. మళ్ళీ చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అది తెలుగులో రాసి పంపించు, నేనే చదువుకుంటా" అంది.

ఆ రాత్రి రూములో నోట్‌బుక్ తీసి ఆ అధ్యాయం ఒక పేజీ రాసి ఫొటో తీసి మా తమ్ముడి ఫోన్‌కి పంపా. పొద్దున్నకి వాడి నించి వాయిస్ మెసేజ్ వచ్చింది, నాయనమ్మ గొంతు, "అక్షరాలు ఇంకాస్త పెద్దవి చెయ్యరా, లైను లైనుకీ ఎడం పెట్టు" అని. ఎడం పెట్టి మళ్ళీ మొదటినించీ రాయడం మొదలుపెట్టా.