గాలి గతుకుల్లో మా ఆర్‌వీ-9

మాకో చిన్న విమానం ఉందని తెలియగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఖరీదెంత అని. రెండోది, గాలికి ఊగదా అని. మొదటిదానికి మా ఆవిడ పక్కన ఉండగా జవాబు చెప్పను. రెండోదానికైతే ఊగుతుందనే చెప్తాను. బాగానే ఊగుతుంది. కాకపోతే ఊగడం వేరు, విరగడం వేరు.

మాది ఆర్‌వీ-9ఏ. ఆరిగాన్‌లోని అరోరా నుంచి వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు పంపే కిట్ తెచ్చుకుని, డాలస్ దగ్గర మా ఇంటి గ్యారేజీలో ఏళ్ల తరబడి కట్టాం. రెండు సీట్లు, 160 హార్స్‌పవర్ ఇంజను, అల్యూమినియం రేకులు, వేల రివెట్లు. రివెట్ గన్ నా చేతిలో ఉంటే రేకుకు అవతల బకింగ్ బార్ (రివెట్ తోక నలగడానికి ఆనించే ఇనుప దిమ్మె) అదిమి పట్టుకున్నది మా ఆవిడే. సొంతంగా కట్టుకున్న విమానాల్లో ప్రయాణికులకు కనబడేలా ఒక హెచ్చరిక అంటించాలి: ఇది ఔత్సాహికులు కట్టినది, మామూలు విమానాలకు ఉండే ఫెడరల్ భద్రతా నిబంధనలకు లోబడినది కాదు అని. మా మామగారు కళ్లజోడు పెట్టుకుని మరీ అది చదివి, "నేను కారులో వస్తాలే అల్లుడుగారూ" అన్నారు. ఆయన తప్పేం లేదు.

ఎందుకు ఊగుతుందో చూద్దాం. విమానం బరువును రెక్కల వైశాల్యంతో భాగిస్తే వచ్చేది వింగ్ లోడింగ్. నిండు బరువుతో ఉన్న మా ఆర్‌వీ-9లో చదరపు మీటరు రెక్క మోసేది 70 కిలోలు. మీరు హైదరాబాద్ నుంచి వైజాగ్ వెళ్లే ఎయిర్‌బస్ ఏ320లో అయితే 600 కిలోల పైనే. కింద నుంచి ఒకే గాలి కొట్టినా, బరువు తక్కువ మోసే రెక్క ఎక్కువ ఎగురుతుంది. అదే కంపెనీది, ఇంకా తేలికైన ఆర్‌వీ-12లో ఆ లెక్క 50 దగ్గర ఉంటుంది, అందులో ఇంకా ఎక్కువ కుదుపులు. లాంకెయిర్ అనే చిన్న రెక్కల కిట్ విమానం అదే గాలిని కోసుకుంటూ పోతుంది. కానీ రన్‌వే మీదికి వచ్చేటప్పుడు ఆ వేగం చూస్తే నాకు టెన్షన్.

మన చేతిలో ఉన్నది వేగం ఒక్కటే. నిట్టనిలువు గాలి కొట్టే దెబ్బ మన వేగంతో పాటు పెరుగుతుంది. 150 నాట్స్ (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) నుంచి 115కి దిగితే దెబ్బ దాదాపు పావు వంతు తగ్గుతుంది. ఎయిర్‌స్పీడ్ మీటరు మీద మాకు పసుపు గీత గంటకు 180 మైళ్ల దగ్గర, అంటే సుమారు 156 నాట్స్ దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి పైన గాలి నిలకడగా ఉన్నప్పుడు మాత్రమే వెళ్లే వేగం. గతుకులు మరీ మొరటుగా ఉంటే మెనూవరింగ్ స్పీడ్‌కి, అంటే దెబ్బ గట్టిగా తగిలినా రెక్క విరిగే లోపే గాలి మీద పట్టు వదిలేసే వేగానికి, సుమారు 100 నాట్స్‌కి దిగాలి. తమాషా ఏంటంటే, విమానం తేలికయ్యే కొద్దీ ఈ వేగం కూడా తగ్గుతుంది. పొద్దున ట్యాంకులు నింపుకుని బయల్దేరుతాం, గాలి చల్లగా, మెత్తగా ఉంటుంది. మధ్యాహ్నానికి పెట్రోలు ఖర్చయి విమానం తేలికవుతుంది, ఎండకు నేల కాగి గాలి లేస్తుంది. అంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సిన గంటకి, పొద్దుట్నుంచీ ఎగిరి మనం బాగా అలిసిపోయి ఉంటాం.

నా దృష్టిలో అసలు ప్రమాదం పైన ఎగిరేటప్పుడు కాదు, దిగేటప్పుడు. 10,500 అడుగుల్లో నిజంగా 150 నాట్స్‌తో పోతున్నా, పలచటి గాలి వల్ల మీటరు 128 దగ్గరే చూపిస్తుంది. రెక్కలకు తెలిసేది ఆ 128 మాత్రమే, కాబట్టి పైన బోలెడు వెసులుబాటు ఉంటుంది. ఊరు దగ్గరపడింది కదా అని ముక్కు దించామా, ఆర్‌వీ జారుడుబల్ల ఎక్కినట్టే. చూస్తుండగానే ముల్లు పసుపులోకి వెళ్తుంది, సరిగ్గా అప్పుడే మేఘాల కిందున్న గతుకుల పొరలోకి చొరబడతాం. అందుకే మేఘాల మట్టానికి రాకముందే థ్రాటిల్ తగ్గించి, వేగం పడిపోయాకే ముక్కు దించుతాను. పది నిమిషాలు ఆలస్యమైతే కొంపలేం మునగవు.

మేము తరచూ వెళ్లేది అరిజోనాలోని చాండ్లర్‌కు, మా తోడల్లుడి ఇంటికి. సుమారు 750 నాటికల్ మైళ్లు. దారిలో పడమటి టెక్సాస్‌లోని పెకోస్‌లో దిగి పెట్రోలు పోయించుకుంటాం. ఈ దారిలో నన్ను భయపెట్టేది పెకోస్ నుంచి ఎల్‌పాసో దాకా ఉన్న ముక్క. కుడివైపు గ్వాడలూప్ శిఖరం, 8,751 అడుగులు, టెక్సాస్‌లో దాన్ని మించినది లేదు. అక్కడి నుంచి దక్షిణంగా డెలావేర్ కొండలు. మార్చి, ఏప్రిల్‌లో, అంటే మనం ఉగాదికి చుట్టాలింటికి బయల్దేరే రోజుల్లోనే, పడమటి గాలి ఈ కొండల మీదుగా దూకి మన వైపు పడుతుంది. ఎల్‌పాసోకి ఉత్తరాన వైట్ శాండ్స్ మిలిటరీ నిషిద్ధ గగనతలం, దక్షిణాన మెక్సికో సరిహద్దు. పక్కకు తప్పుకుందామన్నా ఎంతో చోటు లేదు.

అక్కడి మౌంటెన్ వేవ్, అంటే కొండ దాటిన గాలి అలల్లా లేచి పడటం, మొదట అసలు గతుకులా అనిపించదు. గాలి నున్నగా ఉంటుంది, కాఫీ తాగొచ్చు. ఆటోపైలట్ ఎత్తు నిలబెడుతూ ఉంటుంది. చూస్తే వేగం 128 నుంచి 120, 112, 105... ఇంజను శబ్దం మారదు, ఎత్తు మారదు, ముక్కు మాత్రం మెల్లమెల్లగా పైకి లేస్తుంటుంది. మనం కిందికి జారే గాలిలో ఉన్నాం, ఆటోపైలట్ వేగాన్ని ఖర్చు పెట్టి ఎత్తు కొంటోంది. రెండు నిమిషాలాగితే అల తిరగబడి 145కి పోతుంది. అందుకే ఎత్తు పట్టుకునే మోడ్ తీసేసి, రెక్కలు సమంగా ఉంచడం వరకే దానికి వదిలేస్తాను. రేడియోలో అల్బకర్కీ సెంటర్‌కి (ఆ ప్రాంతపు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) మౌంటెన్ వేవ్ ఉంది, ఎత్తు కచ్చితంగా నిలబెట్టలేనని చెప్తే "రోజర్" అంటారు, అంతే. ఆ నున్నటి గాలి కింద, కొండకు ఇవతల సుడి తిరిగే గాలి (రోటర్) దగ్గరికి మాత్రం పోను. శిఖరాల ఎత్తులో గాలి 25 నాట్స్ దాటుతుందని ఫోర్‌కాస్ట్‌లో ఉంటే పెకోస్ వరకు కూడా రాను, దారిలో ముందే వచ్చే మిడ్‌ల్యాండ్‌లోనే మోటెల్ గది. "మళ్లీ మిడ్‌ల్యాండేనా" అని మా మరదలు ఫోన్‌లో నవ్వుతుంది.

గతుకుల్లో స్టిక్‌ను, అంటే విమానాన్ని నడిపే కర్రను, గట్టిగా పట్టుకోకూడదు. మణికట్టు తొడ మీద ఆనించి రెండు వేళ్లతో పట్టుకుంటే చాలు, విమానం తన పాటికి తాను సర్దుకుంటుంది. కాళ్లతో రడ్డర్‌ను (ముక్కును పక్కలకు తిప్పే తోక రేకు) అటూ ఇటూ తన్నడమూ వద్దు. 2001లో న్యూయార్క్‌లో కూలిన ఎయిర్‌బస్ ఏ300 తోక ఊడింది అలా రడ్డర్‌ను మార్చి మార్చి తొక్కడం వల్లే, అదీ మెనూవరింగ్ స్పీడ్ లోపు ఉండగానే. పెద్ద కుదుపు వచ్చినప్పుడు మా విమానం అడుగు రేకు టక్కుమంటుంది. కట్టినవాడికి ఆ చప్పుడు గుండెలో వినిపిస్తుంది. మా ఆవిడ మాత్రం నోట్లో అల్లం మురబ్బా పెట్టుకుని, "అది స్పార్ కాదుగా" అంటుంది, స్పార్ అంటే రెక్కను మోసే దూలం. ఆవిడకు తెలుసు, స్పార్ ఫ్యాక్టరీలోనే రివెట్లు వేసుకుని వచ్చింది, మేం దాని జోలికే పోలేదు.

సామాను సంగతి. వెనక పెట్టుకోగలిగేది కొంచెమే, అదీ వలకింద బిగించి. వెనక బరువు ఎక్కువైతే స్టిక్ మరీ తేలికై, గతుకుల్లో ముక్కు నిలవదు. చాండ్లర్ నుంచి వచ్చేటప్పుడు అత్తగారి ఆవకాయ తప్పదు. పైకి వెళ్లే కొద్దీ బయట ఒత్తిడి తగ్గి, సీసాలో గాలి వ్యాకోచించి, మూత సందులోంచి నూనె కక్కుతుంది. నూనెతో పాటు ఉప్పూ వస్తుంది, ఉప్పు తగిలిన అల్యూమినియం ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే సీసాను రెండు జిప్ కవర్లలో పెట్టి, స్టీలు డబ్బాలో తువ్వాలు కుక్కి, సీటు వెనక అడుగున కట్టేస్తాం.

కిట్ కడుతున్న మిత్రులు మీటర్లు, స్క్రీన్లు అమర్చే ప్యానెల్ ఇంకా కోయకపోతే ఒక మాట. టచ్‌స్క్రీన్ షోరూంలో ముద్దుగా ఉంటుంది. విమానం ఎగిరెగిరి పడుతుంటే వేలు అనుకున్న చోట పడదు, ఫ్రీక్వెన్సీ కొట్టబోతే మ్యాప్ జూమ్ అవుతుంది. నాబ్ అయితే చెయ్యి పట్టుకుని నిలుస్తుంది. స్క్రీన్ కింద చిటికెనవేలు ఆనించుకోవడానికి అంగుళం అంచు వదలండి, రేడియోకి, ఆటోపైలట్‌కి విడిగా నాబ్‌లున్న ప్యానెల్ కొనండి. డబ్బులు సరిపోకపోతే ముందు సీట్ల లెదర్ మానేయండి.