థార్‌కు కంప్రెసర్: ఒక ఆదివారం వేసుకున్న లెక్కలు

ఈ ఆదివారాన్ని ఒకే పనికి కేటాయించాను. మా మహీంద్రా థార్‌ జీపులో శాశ్వతంగా బిగించుకోవలసిన, టైర్లకు గాలి కొట్టే ఎయిర్ కంప్రెసర్ ఏ రకానిదై ఉండాలి, బండిలో ఎక్కడ బిగించాలి, దానికి కరెంటు ఎలా అందించాలి అన్న విషయాలను సాయంత్రానికల్లా తేల్చి రాసిపెట్టుకోవాలని అనుకున్నాను. పామిడి దగ్గర పెన్న ఒడ్డున మాకున్న కొద్దిపాటి పొలానికి దారి ఏటి ఇసుకలో నుంచే. ఏడాదిలో ఎక్కువ కాలం ఆ ఏరు ఎండిపోయే ఉంటుంది. టైర్లలో 32 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) గాలి ఉంచుకుని ఆ ఇసుకలోకి దిగితే, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా సరే, చక్రం తన గోతిని తానే తవ్వుకుంటుంది. అదే గాలిని 15కి దించితే టైరు నేలను ఆనుకునే భాగం పొడుగ్గా సాగి, బండి బరువు ఎక్కువ మేర పరుచుకుని, ఇంజనును రొప్పించనవసరం లేకుండానే బండి దాటిపోతుంది. గాలి తీయడానికి పెద్ద కష్టమేమీ లేదు. తిరిగి కొట్టడమే పని.

పొలం నుంచి గట్టెక్కి వచ్చిన కాసేపటికే 44వ నంబరు జాతీయ రహదారి తగులుతుంది. 15 పీఎస్‌ఐతో ఆ రోడ్డు మీద వేగంగా నడిపితే టైరు పక్క గోడలు తిరిగిన ప్రతి చుట్టుకూ వంగి లేస్తూ వేడెక్కుతాయి, మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి జారే ప్రమాదం కూడా ఉంటుంది. పంక్చర్ షాపు వచ్చేదాకా మెల్లగా పోదాంలే అనుకునేవాళ్ళను నేను చాలామందిని చూశాను. తిరిగి కొట్టడం ఎవరికి పడుతుందని అసలు గాలే దించకుండా ఇసుకలోకి దిగి, క్లచ్ వాసన వచ్చేదాకా ఎక్సలరేటర్ తొక్కేవాళ్ళనూ చూశాను. బండిలోనే గాలి సిద్ధంగా ఉంటే ఈ రెండు తప్పుడు అలవాట్లూ పోతాయని నా గట్టి నమ్మకం. వించి (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం), రూఫ్ ర్యాక్, అదనపు లైట్ల కంటే ముందు కొనవలసింది కంప్రెసరేనని అందుకే అంటాను.

పొద్దున కాఫీ అయ్యాక కాగితం మీద మొదట టైరు లెక్క వేశాను. మా బండి టైరు కొలత 255/65 ఆర్18. రిమ్మును, గోడల వంపును లెక్కలోకి తీసుకుంటే లోపలి ఖాళీ దాదాపు 65 నుంచి 70 లీటర్లు తేలింది. సముద్ర మట్టం దగ్గర వాతావరణ పీడనం 14.7 పీఎస్‌ఐ. టైరును 15 నుంచి 32కి తేవాలంటే 17 పీఎస్‌ఐ పెంచాలి, అంటే టైరు ఖాళీకి సుమారు 1.15 రెట్లు బయటి గాలిని లోపలికి నెట్టాలి. ఒక్కో టైరుకు డెబ్బై అయిదు లీటర్ల పైచిలుకు, నాలుగింటికీ కలిపి 310 లీటర్ల దాకా. ఈ ఒక్క అంకె చేతికి వచ్చాక మిగతా ఎంపిక చాలా తేలికైంది, ఎందుకంటే డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే 150 పీఎస్‌ఐ అన్న మాటకు మన పనిలో పెద్దగా విలువ లేదు. మనకు కావలసింది 30 పీఎస్‌ఐ దరిదాపుల్లో నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తాయన్నదే.

ఆస్ట్రేలియాకు చెందిన ఏఆర్‌బీ సంస్థ ఈ వివరాన్ని విడిగా ప్రకటిస్తుంది, అది నాకు నచ్చింది. వారి సింగిల్ మోటారు కంప్రెసర్ ఎదురు ఒత్తిడి ఏమీ లేనప్పుడు నిమిషానికి సుమారు 75 లీటర్లు ఇస్తే, 29 పీఎస్‌ఐ దగ్గర అది 60 లీటర్ల ప్రాంతానికి తగ్గుతుంది. రెండు మోటార్ల ట్విన్ 174 దగ్గర మొదలై 130 దగ్గరికి వస్తుంది. ఈ లెక్కన నాలుగు టైర్లకూ సింగిల్‌కు అయిదారు నిమిషాలు, ట్విన్‌కు రెండున్నర నిమిషాలు చాలు. గొట్టం పొడవు, వాల్వు పిన్ను దగ్గరి ఇరుకు, ఒక చక్రం నుంచి మరో చక్రానికి మారే సమయం కలుపుకుంటే ఈ కాలం రెట్టింపవుతుందని అనుకోవచ్చు. అప్పుడు కూడా సింగిల్ పది పన్నెండు నిమిషాల్లో పని ముగిస్తుంది.

పదింటికి బావ తన జిమ్నీ వేసుకుని వచ్చాడు. ఆయనకు బిగింపు కంప్రెసర్ మీద నమ్మకం లేదు.

"బ్యాటరీకి క్లిప్పులు పెట్టుకునేది ఒకటి కొని డిక్కీలో పడేసుకుంటే సరిపోయె కదా బావా, బండంతా కోసి వైర్లు లాగడం ఎందుకు?" అన్నాడు.

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. జిమ్నీ టైరు 195/80 ఆర్15. మా టైరు కంటే చాలా తక్కువ గాలి పడుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఇసుకలోకి దిగేవాళ్ళకు బ్యాటరీ క్లిప్పులతో నడిచే మంచి పోర్టబుల్ కంప్రెసరే సరైన ఎంపిక. బండి మారినా అది మనతోనే వస్తుంది, ఇంకొకరికి చేబదులుగా ఇవ్వవచ్చు. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే చిన్న పంపుల సంగతి మాత్రం వేరు. చాలా కార్లలో ఆ సాకెట్ వెనుక ఉండే ఫ్యూజు 10 నుంచి 15 ఆంపియర్లకు మించదు గనుక ఆ పంపుకు అందే శక్తికే హద్దు ఉంది. పంక్చరైన ఒక్క టైరును షాపు దాకా చేర్చడానికి అవి పనికివస్తాయి గానీ, నాలుగు టైర్లనూ వరసగా నింపమంటే మధ్యలో వేడెక్కి ఆగిపోతాయి.

బావ తెచ్చిన పోర్టబుల్‌ను ఒకసారి నడిపి చూశాం. మొదటి టైరు అయ్యేసరికి పంపు తల మీది ఇత్తడి జాయింటును వేలితో తాకలేకపోయాను. సైకిలు పంపు అడుగు భాగం వేడెక్కడానికి కారణమేదో దీనికీ అదే కారణం: గాలిని త్వరగా నొక్కితే అది వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలిని వేడి బయటికి పోయే వ్యవధి లేకుండా 100 పీఎస్‌ఐ దాకా నొక్కితే సిద్ధాంతపరంగా 200 డిగ్రీలు దాటాలి. లోహపు రెక్కలు కొంత వేడిని లాగేస్తాయి గనుక ఆచరణలో అంత కాకపోయినా, కంప్రెసర్ నోటి దగ్గర మామూలు ప్లాస్టిక్ గొట్టం ఎక్కువ కాలం నిలవదని దీన్నిబట్టి తెలుస్తుంది. అక్కడ స్టీలు అల్లిక ఉన్న టెఫ్లాన్ గొట్టమే వేయించాలి, కనీసం మొదటి మీటరు వరకైనా.

డ్యూటీ సైకిల్ అన్నది కూడా ఈ వేడి గురించిన మాటే. 50 శాతం అని రాసి ఉంటే ఎంతసేపు నడిపితే అంతసేపు ఆపాలని అర్థం. అయితే ఆ అంకెను తయారీదారులు సాధారణంగా 100 పీఎస్‌ఐ ఒత్తిడి దగ్గర, 22 డిగ్రీల చల్లని గదిలో కొలుస్తారు. మన పని 30 పీఎస్‌ఐ దగ్గర గనుక పంపు మీద భారం తక్కువ, అది మనకు కలిసి వస్తుంది. కానీ అనంతపురంలో ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది, పైగా ఫోర్ వీల్ డ్రైవ్‌లో, బాగా తక్కువ వేగపు ‘లో’ గేరులో మెల్లగా ఇసుక దాటి వచ్చిన బండి బోనెట్ కింద అంతకంటే చాలా ఎక్కువ వేడి ఉంటుంది. అది మనకు ఎదురు వస్తుంది. ట్విన్‌ను ఆపకుండా నడపవచ్చని తయారీదారు చెబుతారు. మన ఎండలకు ట్విన్ కొనడానికి అసలైన కారణం వేగం కాదని, ఈ ఓర్పేనని నా అభిప్రాయం.

బావ వచ్చే ఏడాది లద్దాఖ్ వెళ్ళాలనుకుంటున్నాడు గనుక ఇంకొక మాట కూడా చెప్పాను. 5,000 మీటర్ల ఎత్తులో వాతావరణ పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోతుంది. పంపు ఒక్కో దెబ్బకు పీల్చుకునే గాలి కూడా సగమే అవుతుంది, టైరు నిండడానికి ఇంచుమించు రెట్టింపు సమయం పడుతుంది. ఇక్కడ అనంతపురంలో సరిగ్గా సరిపోయే పంపు అక్కడ బొటాబొటీగా ఉంటుందన్నమాట.

ట్యాంకు విషయంలో మాత్రం ఎక్కువసేపు ఆగాను. కంప్రెసర్‌తో పాటు నాలుగు లీటర్ల చిన్న ట్యాంకు కూడా బిగించుకుంటే టైర్లు చకచకా నిండుతాయని చాలామంది అనుకుంటారు. 100 పీఎస్‌ఐతో నిండిన నాలుగు లీటర్ల ట్యాంకును 32 దాకా ఖాళీ చేస్తే బయటికి వచ్చేది 18 లీటర్ల గాలే. ఒక టైరుకు కావలసిన దానిలో అది పావువంతు కూడా కాదు. దాని తరువాత పంపు ఇచ్చినంత గాలే వస్తుంది, మీదుమిక్కిలి ఆ ట్యాంకును మళ్ళీ నింపే పని ఒకటి పంపు మీద పడుతుంది. టైర్లు నింపడానికి ట్యాంకు అనవసరమని నా కాగితం తేల్చేసింది. ట్యాంకు అక్కరకు వచ్చే సందర్భం వేరే ఉంది. టైరు అంచు రిమ్ము నుంచి జారిపోయినప్పుడు దాన్ని మళ్ళీ గాడిలో కూర్చోబెట్టాలంటే, సందుల్లోంచి పోయే దానికంటే ఎక్కువ గాలి ఒక్కసారిగా రావాలి. వాల్వు పిన్ను తీసేసి, ట్యాంకులోని గాలినంతా ఒకేసారి వదిలితే టైరు టప్పుమని అంచెక్కుతుంది. రాళ్ళ దారుల్లో తరచూ తిరిగేవాళ్ళకు అది నిజంగా అవసరమే. ఇసుక దాటి పొలానికి పోయే నాకు, 15 పీఎస్‌ఐ కంటే కిందికి దించని నాకు, ఆ బరువు అక్కరలేదు.

ఇంజను బెల్టుతో నడిచే పద్ధతిని కూడా చూశాను. పాత అమెరికన్ కార్లలో ఏసీ కోసం వాడిన యార్క్ కంప్రెసర్‌ను గాలి పంపుగా మార్చుకోవడం జీపుల వాళ్ళలో ఎన్నో ఏళ్ళుగా ఉన్న పద్ధతి. దానికి సొంత ఆయిల్ సంపు ఉంటుంది గనుక అది ఆ పనికి ఒప్పుకుంటుంది, గాలి కూడా ధారాళంగా ఇస్తుంది. ఇప్పటి ఇంజన్ల మీద దానికి చోటూ లేదు, బెల్టు దారీ లేదు. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు మోసుకుపోవడం అన్నిటికంటే వేగవంతమైనదే, కానీ అది ఖాళీ అయిన చోట నింపేవాళ్ళు దొరకాలి. రెండింటినీ అక్కడితో వదిలేశాను.

మధ్యాహ్నం తరువాత ఇద్దరం మా ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళాం. ఆయన నా కాగితాన్ని ఓపికగా చూసి, పంపు గురించి ఏమీ అనకుండా, వైరు ఎంత దూరం పోతుందని అడిగాడు.

"పంపు ఏదైనా తీసుకోండి సార్, సన్న వైరు వేసినామంటే మాత్రం పంపు నడవదు, వైరే కాలతాది," అని, మల్టీమీటరు తీసి బావ బండి మీదే చూపించాడు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు ఉన్నాయి. సాకెట్‌లో చిన్న పంపు ఒకటి పెట్టి నడిపిస్తూ కొలిస్తే అక్కడ 12.7 మాత్రమే చూపింది. మధ్యలో పోయిన ఆ వోల్టంతా వైరులో వేడిగా మారుతున్నది, మోటారు ఆ మేరకు మెల్లగా తిరుగుతున్నది. సింగిల్ కంప్రెసర్ 30 ఆంపియర్ల దాకా లాగుతుంది, ట్విన్ 50 దాటుతుంది. రానూపోనూ నాలుగు మీటర్ల రాగి వైరు అనుకుంటే, ఆరు చదరపు మిల్లీమీటర్ల వైరులో 30 ఆంపియర్లకు పోయేది 0.4 వోల్టు లోపే. ట్విన్‌కైతే 16 చదరపు మిల్లీమీటర్లది వేయాలన్నాడు, నా లెక్కా అక్కడికే వచ్చింది. ఫ్యూజును పంపు పక్కన కాకుండా బ్యాటరీ నుంచి జానెడు దూరంలోనే పెట్టాలని, లేకపోతే మధ్యలో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలినప్పుడు కాపాడేది ఏదీ ఉండదని ఆయన గట్టిగా చెప్పాడు. డ్యాష్‌బోర్డు మీది స్విచ్చి రిలేను (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే మీటను) మాత్రమే నడపాలి. పంపు కరెంటు క్యాబిన్‌లోకి రాకూడదు. ఆ రిలే కూడా ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడే పనిచేయాలి.

బిగించే చోటు గురించి ముగ్గురం బోనెట్ ఎత్తి చాలాసేపు నిలబడ్డాం. సీటు కింద పెడితే వేడి, దుమ్ము, నీరు తగలవు గానీ వైరు పొడవు రెట్టింపవుతుంది, చప్పుడంతా లోపలే వినబడుతుంది. బంపరు వెనుక చోటుంది, కానీ అక్కడికి నీళ్ళు వస్తాయి. థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో దిగగలదని మహీంద్రా చెబుతుంది; పంపు గాలి పీల్చే నోరు అంతకంటే పైనే ఉండాలి. చివరికి బ్యాటరీకి దగ్గరగా, ఎగ్జాస్ట్‌కు దూరంగా, ఇన్నర్ ఫెండరు మీద ఉన్న బోల్టులకే నాలుగు మిల్లీమీటర్ల రేకు బ్రాకెట్ తగిలించాలని, బాడీలో కొత్త రంధ్రం ఒక్కటి కూడా వేయకూడదని నిర్ణయించాం. గాలి గొట్టం తగిలించే కప్లరు ముందు గ్రిల్లు వెనుక ఉంటుంది. అక్కడి నుంచి వెనుక చక్రాలకు అందేలా ఎనిమిది మీటర్ల గొట్టం తీసుకోవాలి.

సింగిలా ట్విన్నా అన్నది దారిలో తేలింది. మా బండి ఒక్కటే అయితే సింగిల్ చాలు. కానీ పొలానికి పోయిన ప్రతిసారీ బావ జిమ్నీ వెంట ఉంటుంది, పండగలకు మా తమ్ముడి బండి కూడా వస్తుంది. మూడు బండ్లు, పన్నెండు టైర్లు, మిట్టమధ్యాహ్నపు ఎండ. సింగిల్‌ను మధ్యమధ్య ఆపి చల్లార్చుకుంటూ కూర్చోవలసి వస్తే ఎవరో ఒకరు విసుగుతో గాలి తక్కువగానే హైవే ఎక్కుతారు. ఖర్చు ఎక్కువైనా ట్విన్‌కే వెళ్ళాలని నిశ్చయించుకున్నాను. ట్యాంకు లేకుండా, 16 చదరపు మిల్లీమీటర్ల వైరుతో, రెండు మోటార్లకూ రెండు వేరు వేరు ఫ్యూజులతో. బావ మాత్రం తన పోర్టబుల్‌ను ఉంచుకుంటానన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది, మా ఇద్దరిలో ఒకరి పంపు మొరాయించినా రెండోది ఉంటుంది.

బ్రాకెట్‌కు అట్టముక్క మీద కొలత గీసి ఎలక్ట్రీషియన్ దగ్గరే వదిలి వచ్చాను. రేకు కోసే ముందు ఆ అట్టను బోల్టుల మీద పెట్టి, బోనెట్ మూసి, పైన ఎంత ఎడం మిగులుతుందో చూడాలి. ఆ కొలత వచ్చాకే పంపుకు ఆర్డరు పెడతాను.