పక్క రౌటర్ నుంచి తెచ్చుకున్న ఐఓఎస్

ఈరోజు మీటింగులు వాయిదా పడ్డాయి. ఖాళీ దొరికింది కదా అని, ఎప్పటినుంచో ర్యాక్ అడుగున పడి ఉన్న సిస్కో స్పేర్ రౌటర్‌ని ఒకసారి లేపి చూద్దామని కూర్చున్నాం, నేనూ టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడూ. పవర్ ఇస్తే ఫ్యాన్ తిరిగింది, కన్సోల్‌లో నాలుగు లైన్లు వచ్చి రోమ్‌మాన్ (రౌటర్ లోపలే ఉండే చిన్న బూట్ ప్రోగ్రామ్) ప్రాంప్ట్ దగ్గర ఆగిపోయింది. వెనక స్లాట్ చూస్తే ఐఓఎస్, అంటే రౌటర్‌ని నడిపే సిస్కో సాఫ్ట్‌వేర్, ఉండే ఫ్లాష్ కార్డు లేదు. ఎవరో అవసరం పడి ఇంకో రౌటర్‌కి తీసుకుపోయినట్టున్నారు. స్పేర్ అని పక్కన పెట్టిన ప్రతిదానికీ చివరికి ఇదే గతి.

"కార్డు దొరికేదాకా ఇంతేనా అన్నా?" అన్నాడు వాడు.

అక్కర్లేదు. ఐఓఎస్ లేకపోయినా రోమ్‌మాన్ ఉంటుంది. దానికి రౌటింగ్ రాదు గానీ, ఒక ఈథర్‌నెట్ పోర్టు మీద టీఎఫ్‌టీపీలో (ఫైళ్లు పంపుకునే ఒక సాదా పద్ధతి) ఫైలు అడిగి తెచ్చుకునేంత తెలివి ఉంది. పక్కనే అదే మోడల్ రౌటర్ నడుస్తోంది, దాని ఫ్లాష్‌లో సరిగ్గా మాకు కావలసిన ఇమేజ్, అంటే ఐఓఎస్ ఫైలు, ఉంది. ఇలాంటప్పుడు చాలామంది ల్యాప్‌టాప్‌లో టీఎఫ్‌టీపీ సర్వర్ వేసుకుంటారు. తర్వాత టీఎఫ్‌టీపీ వాడే యూడీపీ 69 పోర్టుని ఫైర్‌వాల్ ఆపేస్తోందని తెలిసేసరికి సగం పూట అయిపోతుంది. రౌటర్‌తో ఆ తలనొప్పి లేదు. టీఎఫ్‌టీపీ సర్వర్ కమాండ్ ఇచ్చి ఆ ఇమేజ్ పేరు రాస్తే చాలు, ఆ ఒక్క ఫైలుని అడిగినవాళ్లకి ఇస్తుంది.

రెండింటి మధ్య క్రాసోవర్ కేబుల్ పెట్టాం. రోమ్‌మాన్‌లో ఐపీ, సబ్‌నెట్ మాస్క్, డిఫాల్ట్ గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కి దారి), సర్వర్ అడ్రస్, ఫైలు పేరు ఇవ్వాలి. ఈ వేరియబుల్స్ పేర్లన్నీ పెద్ద అక్షరాల్లోనే కొట్టాలి. నేరుగా కేబుల్ ఉన్నప్పుడు గేట్‌వేతో పనేమిటని కుర్రాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే, కానీ అది ఖాళీగా ఉంటే రోమ్‌మాన్ ముందుకు కదలదు. సర్వర్ అడ్రస్‌నే అక్కడా ఇచ్చేశాం. ఫైలు పేరు మాత్రం అక్షరం అక్షరం చూసి కొట్టాలి, ఎందుకంటే టీఎఫ్‌టీపీలో అవతల ఏమేం ఉన్నాయో జాబితా చూసే వీలే లేదు. పేరు తెలిస్తే ఫైలు వస్తుంది, లేకపోతే లేదు.

డౌన్‌లోడ్ కమాండ్ చివర ఆర్ అనే ఆప్షన్ కలిపాం. అప్పుడు ఇమేజ్ ఫ్లాష్ జోలికి పోకుండా నేరుగా ర్యామ్‌లోకి వచ్చి అక్కడే నడుస్తుంది. అది మర్చిపోతే ఫ్లాష్‌లో ఉన్నదంతా చెరిపేసి మరీ రాస్తుంది. మాకు చెరపడానికి ఫ్లాషే లేదనుకోండి, అయినా కుర్రాడికి ఇది రెండుసార్లు చెప్పాను.

ఫైలు వస్తోందని చెప్పే ఆశ్చర్యార్థకాలు కన్సోల్‌లో ఒక్కొక్కటే పడుతుంటే లెక్కలు వేసుకున్నాం. 1981లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) 783గా, సవరణలతో 1992లో ఆర్‌ఎఫ్‌సీ 1350గా వచ్చిన ప్రోటోకాల్ ఇది. 512 బైట్లు పంపడం, అందిందన్న జవాబు వచ్చేదాకా ఆగడం, మళ్లీ 512 పంపడం, అంతే. 25 ఎంబీ ఇమేజ్ అంటే 51 వేలకు పైగా ప్యాకెట్లు. బ్లాక్ నంబరుకి 16 బిట్లే కాబట్టి పాత పద్ధతిలో 32 ఎంబీ దగ్గర లెక్క నిండిపోతుంది. ఇంతకంటే నెమ్మది ఏముంటుంది అన్నాడు. కన్సోల్ కేబుల్ మీదే ఫైలు పంపే ఎక్స్‌మోడెమ్ ఉంది కదా అన్నాను. సెకనుకి 9600 బిట్ల వేగంలో ఇదే ఫైలుకి ఏడున్నర గంటలకి తక్కువ కాదు.

ఇమేజ్ వచ్చింది, విప్పుకుంది, లాగిన్ ప్రాంప్ట్ కనబడింది. పాత కాన్ఫిగ్ కూడా అలాగే ఉంది. అది ఉండేది ఎన్‌వీర్యామ్ అనే, కరెంటు పోయినా చెరగని వేరే మెమరీలో, కార్డుతో దానికి సంబంధం లేదు.

అప్పుడు కుర్రాడికి ఆలోచన వచ్చింది. ఇమేజ్ ఎక్కడి నుంచి తేవాలో చెప్పే బూట్ సిస్టమ్ అనే కాన్ఫిగ్ లైన్‌లో పక్క రౌటర్ అడ్రస్ రాసి ఇలాగే వదిలేద్దాం, కార్డు ఖర్చు తప్పుతుంది కదా అని. వినడానికి బాగానే ఉంది. కానీ ఇది అప్పు మీద నడిచే సంసారం. కరెంటు పోయి వస్తే రెండూ ఒకేసారి లేస్తాయి. ఇది ఇమేజ్ అడిగే సమయానికి అది ఇంకా తన ఇమేజ్ విప్పుకుంటూనే ఉంటుంది. ఈ గండం కనీసం కంటికి కనబడుతుంది. నా అసలు భయం వేరే. ఎప్పుడో పక్కదాన్ని అప్‌గ్రేడ్ చేస్తారు, చోటు చాలక పాత ఇమేజ్ తీసేస్తారు. ఆ రోజు ఏమీ కాదు. ఇది ర్యామ్‌లో హాయిగా నడుస్తూనే ఉంటుంది. కొన్ని నెలల తర్వాత ఎవరో రీలోడ్ కొడతారు, రౌటర్ లేవదు. ఆ రెండు పనులకీ లింకు ఉందని అప్పుడు ఎవరికి తడుతుంది? డాక్యుమెంట్‌లో రాస్తామంటారు గానీ, స్పేర్ రౌటర్ డాక్యుమెంట్ ఎవరు తెరిచి చూస్తారు?

బూట్ సిస్టమ్ లైన్లని రౌటర్ రాసిన వరుసలోనే ప్రయత్నిస్తుంది. అందుకని ముందు ఫ్లాష్, దాని కింద టీఎఫ్‌టీపీ పెట్టాం. ఎలా బూట్ అవ్వాలో చెప్పే కాన్ఫిగ్ రిజిస్టర్ 2102లోనే ఉంది. చివరి అంకె సున్నా అయి ఉంటే ఈ లైన్ల మొహం కూడా చూడకుండా రోమ్‌మాన్‌లో ఆగిపోయేది. సాయంత్రం స్టోర్‌లో వాడని కార్డు ఒకటి దొరికింది. పెట్టి, ఫార్మాట్ చేసి, అదే కేబుల్ మీద ఇమేజ్ కాపీ చేసి, ఫైలు పాడవలేదని ఎండీ5 చెక్‌సమ్‌తో సరిచూసి రీలోడ్ కొట్టాం. ఈసారి సొంత కార్డు నుంచే లేచింది.

పక్క రౌటర్‌లో ఆ టీఎఫ్‌టీపీ సర్వర్ లైన్ ఉంచేద్దాం, మళ్లీ పనికొస్తుంది అన్నాడు వాడు. టీఎఫ్‌టీపీకి పాస్‌వర్డ్ అడిగే అలవాటు లేదు. కానీ స్పేర్‌లో రాసిన ఆ రెండో బూట్ లైన్ ఫలించాలంటే ఈ సర్వర్ లైన్ ఉండాలి కూడా. ఈ స్పేర్ అడ్రస్‌ని మాత్రమే అనుమతించే యాక్సెస్ లిస్ట్ తగిలించి ఉంచాం. రేపు ఆ కార్డు తీసి, ఇమేజ్ నిజంగా పక్కదాని నుంచి వస్తుందో లేదో చూడాలి.